పదో పేరు

పోలీసు చర్య ముగిసి ఆరు నెలలు దాటిన ఒక మధ్యాహ్నం. సికింద్రాబాదులో చిలకలగూడ మొహల్లా పెద్దలు చందాలేసుకుని నడుపుతున్న కారీగర్ల బడి, అంటే చేతిపనులు నేర్పే బడి, దాని వెనక రేకుల షెడ్డు. వెల్డింగు నేర్పే ఉస్తాదు ఫకీర్‌కు ముప్పై ఏళ్లు. ఎదురుగా నిలబడ్డ విద్యార్థి పేరు బ్రహ్మచారి, వయసు యాభై రెండు. పల్లెలో ముప్పై ఐదేళ్లు కొలిమి ఊది వచ్చిన కమ్మరి. వైసులో బిగించిన ఇనప పట్టీ ఇప్పుడే రెండు ముక్కలై ఫకీర్ కాళ్ల దగ్గర పడింది. పదిహేను రోజుల్లో ఇది అయిదోసారి. పాపం, ఉస్తాదుకు ఏడవాలో తిట్టాలో తెలియడం లేదు.

"విరిగింది."

"నాకు కండ్లున్నయ్ చారి సాబ్, కనిపిస్తుంది. ఎట్ల విరిగింది? అది చెప్పు."

"సుత్తెతోటి కొడ్తివి, విరిగింది."

"అందరివి సుత్తెతోనే కొట్టిన. తొమ్మిది మంది అతుకులు ఇదే వైసుల పెట్టి ఇదే సుత్తెతోటి వంచిన. అన్నీ వంగినయ్. నీదొక్కటే అప్పడం తీర్గ పటుక్కుమంటది. ఎందుకు?"

"చేతి అలవాటు ఉస్తాదూ."

"మళ్ల అదే మాట!"

"ముప్పై అయిదేండ్ల అలవాటు. ఎర్రగ కాలిన ఇనుము చేతుల ఉంటే చెయ్యి దానంతటదే నీళ్ల దిక్కు పోతది. ముంచుతది. నేనేం జెయ్యాలె?"

"ముంచకు. గంతే. ముంచకు! నేను నీకేమన్న తెల్వని విద్య చెప్తున్ననా? ఇది పాత లారీ కమాను పట్టీ. కాలినంక నీళ్లల్ల ముంచితే గాజు తీర్గ పెళుసైతదని నాకు చెప్పిందెవరు? నువ్వే. బడిల చేరిన మొదటి వారంల. యాదున్నదా?"

"ఉన్నది."

"మరి?"

"చెయ్యికి యాదుండద్దా?"

"మొన్న నీళ్ల తొట్టి పారబోపిచ్చిన. పారబోపిచ్చిన్నా లేదా?"

"పారబోపిచ్చినవ్."

"అప్పుడేం జేసినవ్? పట్టకార్ల పట్టీ పట్టుకొని, ఆ షెడ్డు దాటి, ఆ గల్లీ దాటి, నల్లాకాడికి ఉరికినవ్. బిందెలు పట్టుకున్న ఆడోళ్లందరు చెల్లాచెదురైన్రు. అలవాటు ఎక్కడన్న నల్లాకాడికి ఉరుకుతదా చారి సాబ్?"

"ఆడోళ్లకు నేను మాఫీ అడిగిన."

"మాఫీ ముచ్చట కాదు నేనడిగేది!"

"నువ్వు గిట్ల ఒర్రితే నాకు ఇంకింత గాబరైతది ఉస్తాదూ."

"ఒర్రను. ఇగో, మెల్లగ మాట్లాడుతున్న. టైమెంతైంది?"

"మూడు దాటింది."

"అయిదు గంటలకు ఇన్‌స్పెక్టర్ సాబ్ వస్తడు. వచ్చి ఏమడుగుతడు?"

"లిస్టు."

"లిస్టుల ఎన్ని పేర్లుండాలె?"

"పది."

"ఎన్నున్నయ్?"

"తొమ్మిది."

"పదోది ఎవరిది? నోరు తెరువు. పదోది ఎవరిది?"

"నాదే కావచ్చు."

"కావచ్చు కాదు, నీదే. మిగిలినోళ్లంత మిల్ట్రీ వచ్చిన్నాడు ఊర్లు పట్టిన్రు, మళ్ల మొఖం చూపలే. పది మంది పాసు కాకుంటే బడి బంద్. పై ఆఫీసు కాయితం గోడకు అంటిచ్చిన. రోజు దాని ముందలికెళ్లే లోపలికొస్తవ్."

"ఇంకో ఇద్దరు ముగ్గురిని చేర్చుకోరాదు?"

"రెండు గంటల్ల? రెండు గంటల్ల ఎవరికి నేర్పాలె? రోడ్డు మీద పోయెటోన్ని పట్టుకొచ్చి చేతుల మంట పెట్టాల్నా?"

"బడి పోతే పోనీయ్. నీకేం తక్కువ ఉస్తాదూ. ఇంత పని తెలిసినోనివి, ఏ కార్ఖానల అడిగినా..."

"అడిగిన."

"ఎక్కడ?"

"మూడు కార్ఖానలు తిరిగిన. పని చూడకముందే పేరడుగుతరు. ఫకీర్ అహ్మద్ అంటే రేపు రమ్మంటరు. ఆ రేపు ఆరు నెలల సంది వస్తలేదు. ఇగో, ఈ మెడ మీద చూడు."

"కమిలింది గదా! ఏమైంది?"

"పొద్దుగాల కూరగాయల మండిల ఉల్లిగడ్డ బస్తాలు మోస్తున్న. అదైంది."

"నువ్వు బస్తాలు మోసుడేంది?"

"ఈ బడి ఇచ్చేది సగం దినాలకే సరిపోతది. సగం దినాలు తిని, సగం దినాలు పండుకోమంటవా? నజ్మున్నీసాకు ఎరుక లేదు. ఫజర్ నమాజుకు పోయి ఆడనే కూసుంటున్న అనుకుంటది. నా మొగడు ఎంత దీన్‌దార్, ఎంత దైవభక్తుడు అయిండని వాడ వాడంత చెప్పుకుంటుంది."

"నాకు తెల్వకపాయె."

"ఇప్పుడు తెలిసింది గద. ఈ బడి సుత పోతే ఇగ పొద్దంత బస్తాలే. నీ చేతుల ఉన్నది నా బతుకు. నువ్వేమో దాన్ని తీస్కపోయి నీళ్లల్ల ముంచుతున్నవ్."

"అట్లనకు ఉస్తాదూ."

"ఎట్లనాలె మరి? ఇంకో పట్టీ తీస్కో. ఆ రెండు ముక్కలు జమ చేసి పెట్టు. అద్దాలు పెట్టుకో. ఈసారి నేను నీ పక్కనే నిలబడ్త. గ్యాస్ పుట్టిచ్చే కార్బైడు డబ్బాల నీళ్లున్నయా చూడు."

"ఉన్నయ్. ఉస్తాదూ, ఇయ్యాల నాకు పానం మంచిగ లేదు."

"ఏమైంది పానానికి?"

"జెర తల తిరుగుతుంది."

"పొద్దున బాగనే ఉంటివి."

"పొద్దున బాగనే ఉండె."

"చారి సాబ్, ఇట్ల కూసో. కూసో అంటున్న. ఒక్క ముచ్చట నాకు సమజైతలేదు. పదిహేను దినాల కిందటిదాకా నీ అతుకు ఎట్లుండె?"

"బాగనే ఉండె."

"బాగనేనా? నీ అతుకు వంచితే పక్కకున్న ఇనుము వంగె, అతుకు మాత్రం రాయి తీర్గ ఉండె. పదేండ్ల సంది ఈ పని చేస్తున్న, నాకు సుత అంత సాఫుగ రాదు. అందరిని పిలిచి చూపిచ్చిన. చూపిచ్చిన్నా?"

"చూపిచ్చినవ్."

"అప్పుడు లేని అలవాటు ఇప్పుడెట్ల మొలిసింది?"

"వయసైతుంది గద."

"పదిహేను దినాలల్ల ముసలోడివైతివా? నా దిక్కు చూడు. గోడ దిక్కు కాదు, నా దిక్కు."

"చూస్తనే ఉన్న."

అంతలో తలుపు దగ్గర జీవరాజు ప్రత్యక్షమయ్యాడు. మెట్టుగూడ రైల్వేలో ఖలాసీ, వారం కిందటే పరీక్షలో గట్టెక్కినవాడు.

"ఉస్తాద్ జీ, నా అద్దాలు ఈడ మరిచిపోయిన. ఓ, పెద్దయ్యా! ఇయ్యాలన్న వంగిందా?"

"అద్దాలు ఆ గోడ మొలకు ఉన్నయ్ జీవరాజూ, తీస్కొని పో."

"కోపమెందుకు ఉస్తాద్ జీ? పెద్దయ్య పాస్ కాకుంటే నాకే మేలు. సోమవారం లారీ వస్తుంది గద, తిరుమలగిరి దిక్కు మిల్ట్రీ షెడ్డుకు తీస్కపోనీకి. ఆడ ఇనుము కోసే టార్చి ఒక్కటేనట, పనిల అందరికంటె మొదలున్నోనికే ఇస్తరట. పెద్దయ్య పాసైతే పెద్దయ్య చేతికిస్తరు, నేను పక్క పొంటి ఇనుము అందియ్యాలె. పెద్దయ్య ఫేలైతే తర్వాతోన్ని నేనే, టార్చి నాదే."

"అందరికి వంతులొస్తయ్ తియ్యి."

"వంతులు లేవట. ఒక్కడే పట్టుకోవాల్నట, మిగిలినోళ్లు మోసుడే. ఆడికి పోయొచ్చినోడు చెప్పిండు. జిల్లాలకెళ్లి జమ చేసిన బరిసెలు, తల్వార్లు, మందు కూరే బర్మార్ తుపాకులు గుట్టలు గుట్టలున్నయట పెద్దయ్యా. అన్నీ రెండేసి ముక్కలు చెయ్యాలె. ముక్కలు చేసేముందు చూడాలె, ఇనుము మీద చేసినోని గుర్తు ఏమన్న ఉన్నదా అని. ఉంటే జోరుగ చెప్పాలె. గుమాస్త బొమ్మ గీసుకుంటడు. ఏ జిల్లాదో రాసుకుంటడు."

"గీసుకొని ఏం జేస్తరట?"

"హా, పెద్దయ్యకు మాటొచ్చింది! ఏం జేస్తరు, ఆ కాయితం ఊర్లకు పంపిస్తరు. ఈ గుర్తు ఏ కమ్మరోనిదని పటేలును అడుగుతరు. ఊళ్లె కొడవలి కొడవలికి అదే గుర్తుంటది గద, దొరకకుంట ఏడికి పోతడు? చేసినోన్ని పట్టుకొచ్చి లోపలేస్తరు. నేనైతే ఒక్కటి సుత ఇడువ. తుప్పంత గీకి గీకి చూస్త. మంచిగ చేసినోన్ని ఆడనే పక్కా నౌకరీల పెట్టుకుంటరట."

"జీవరాజూ, నువ్వు పో."

"పోతున్న ఉస్తాద్ జీ. పెద్దయ్యా, జెర నా కోసం ఇయ్యాల సుత ముంచు. నీకు పుణ్యముంటది."

"ఆ తలుపు దగ్గరికేసి పో!"

"ఏస్తున్న, ఏస్తున్న."

"పోయిండు. ఒట్టి వాగుడు గాడు. చారి సాబ్, పట్టకారు ఎందుకు అందుకున్నవ్?"

"ఊకెనే."

"మంట సుత ముట్టియ్యలే. కింద పెట్టు దాన్ని."

"పెట్టిన."

"లారీ కబురు ఎప్పుడొచ్చింది మనకు?"

"నాకేం ఎరుక."

"నాకెరుకే. పదిహేను దినాలైంది. ఆ రోజు సాయంత్రమే నువ్వు మొదటిసారి ముంచినవ్. ఖుదా, నేనెంత గాడిదను! అలవాటూ లేదు, గిలవాటూ లేదు. నువ్వు కావాల్నని ముంచుతున్నవ్. కావాల్ననేనా? చెప్పు! ఇరవై దినాల సంది బస్తాలు మోసిన భుజంతోటి నీ పట్టీలు వంచుతున్న. చెప్పు!"

"అవును. కావాల్ననే. చాలునా? కావాల్ననే ముంచిన. అయిదుసార్లు ముంచిన. మళ్ల చేపిస్తే మళ్ల ముంచుత."

"ఎందుకు?"

"నేను ఆ షెడ్డుకు పోను."

"ఎందుకు పోవు?"

"పోను. గంతే."

"పోకుంటే బడిల ఎందుకు చేరినవ్?"

"బతకనీకి చేరిన. ఊరిడిసి వచ్చినోనికి ఈడ కొలిమి ఎవరు పెట్టనిస్తరు? వెల్డింగు కాయితముంటే ఎవరన్న పిలుస్తరని చేరిన. చేరిన్నాడు లారీ లేదు, షెడ్డు లేదు."

"పాసైనోడు పోవాల్సిందేనని కాయితంల ఉన్నది. మరి బడి మానుకోకపోతివి?"

"నా పెండ్లం బాలమ్మకు ఏం జెప్పాలె? పట్నమొచ్చి పని నేరుస్తుండు, నౌకరొస్తదని ఆమె వాడంత చెప్పుకున్నది. మానుకుంటే ఎందుకు మానుకున్నవని అడుగుతది. అడిగితే ఏం జెప్పాలె?"

"నన్ను ముంచి, నువ్వు మునిగి, ఆమె ముందల నీ మాట నిలబెట్టుకుంటున్నవన్నట్టు."

"తిట్టు. తిట్టు ఉస్తాదూ. పడ్త."

"తిట్టి ఏం లాభం? ఆ గుట్టల ఏమున్నది? నువ్వు చేసినవి ఉన్నయా? తుపాకులా?"

"తుపాకులు నాకు రావు. బరిసెలు."

"ఎన్ని?"

"నలభై."

"ఎవరికి చేసిచ్చినవ్? కమ్యూనిస్టు సంఘపోళ్లకా?"

"కాదు."

"మరెవరికి?"

"పోనీ తియ్యి."

"పేరు పెట్టి చెప్పు చారి సాబ్. నేనేం అనుకోను."

"రజాకార్లకు. నువ్వు మనసుల పెట్టుకోకు ఉస్తాదూ, నిన్ను అన్నట్టు కాదు."

"పెట్టుకోను. చెప్పు."

"పోయిన ఎండకాలం వచ్చిన్రు. పదిమంది. కొలిమి ముందల తుపాకి అడ్డం పెట్టుకొని కూసున్నరు. మూడు దినాలు లేవలేదు. నా తిత్తి ఊదేటోన్ని కొట్టి పంపిన్రు. బాలమ్మను లోపలేసి గొళ్లెం పెట్టిన్రు. నలభై అయినంకనే గొళ్లెం తీసిన్రు."

"ఆ బరిసెలతోటి ఏమైంది?"

"పక్కూళ్లె ఇండ్లు కాలినయ్. ఇద్దరు సచ్చిన్రు. ఒకడు నాకాడ నాగలి కర్రు చేపిచ్చుకున్నోడే. గందుకే చెప్పద్దనుకున్న."

"ఈ రేకుల షెడ్డుకు సుత వచ్చిన్రు, నీకెరుకేనా?"

"ఎవరు?"

"వాళ్లే. లారీ తెచ్చిన్రు. దాని చుట్టు ఇనప రేకులు అతకమన్నరు. మావోళ్లే గద, చేస్తవులే అని భుజం మీద చెయ్యేసిన్రు. ఆ చెయ్యి ఎంత బరువున్నదో నాకెరుక. అతికిన. రెండు దినాలు అతికిన. ఆ లారీ ఏడికి పోయిందో, ఏ ఊళ్లె ఏం జేసిందో నేను ఎవరిని అడగలే. ఇయ్యాల్టికీ అడగలే."

"నిన్నెవరు అడగలేదా?"

"ఎట్ల అడుగుతరు? అతుకు మీద పేరుంటదా? ఎవరతికిందో అతికినోనికి తప్ప ఎవరికీ తెల్వదు. నీ బరిసెల మీద మాత్రం..."

"గుర్తున్నది."

"నలభయ్యిటి మీదనా?"

"నలభయ్యిటి మీద. మూడు చుక్కలు, కింద ఒక గీత. పిడి కాడ."

"నువ్వే కొట్టినవా?"

"కొట్టింది ఈ చెయ్యే."

"తుపాకి పెట్టి చేపిచ్చుకుంటుంటే గుర్తెందుకు కొట్టినవ్ చారి సాబ్? వాళ్లు కొట్టమన్నరా?"

"అనలే."

"మరి?"

"కొడవలి అయినా, గొడ్డలి అయినా, పని పూర్తయినంక గుర్తు కొడ్తం. రైతు మళ్ల సాన పట్టియ్యనీకి వస్తే ఎవని పనో తెల్వాలె గద."

"రజాకారు బరిసె సాన పట్టియ్యనీకి నీ కాడికొస్తడా?"

"అలవాటు ఉస్తాదూ."

"మళ్ల అలవాటేనా!"

"ఇంకేం జెప్పాలె?"

"మంచిది. అలవాటే అనుకుందాం. ఇప్పుడు నేను చెప్పేది విను. నువ్వు ముంచుకుంట కూసుంటే టార్చి ఎవరికి పోతది?"

"జీవరాజుకు."

"వాడేం జేస్తడు?"

"తుప్పు గీకుతడు."

"గీకి జోరుగ చెప్తడు. మూడు చుక్కలు, ఒక గీత అని నలభైసార్లు ఒర్రుతడు. అదే టార్చి నీ చేతుల ఉంటే? బరిసెను ఏడ కోస్తవ్?"

"నడిమిట్ల."

"నడిమిట్ల కొయ్యమని ఎవరన్నరు? రెండు ముక్కలు చెయ్యమన్నరు, గంతే. ఏడ కొయ్యాల్నో మంట పట్టినోని ఇష్టం. పిడి కాడ పెట్టు. తుప్పు గీకకు. మూడు చుక్కల మీదికెళ్లి మంట పోనియ్యి. ఇనుము నీళ్లయి కింద పడ్తది. చుక్కలూ పోతయ్, గీతా పోతది. గుమాస్త వచ్చి చూస్తే ఏముంటది? కాలిన అంచు. గంతే. ఏం, సమజయ్యిందా? నువ్వు దాక్కునేది తప్పు జాగల. ఆ గుట్ట ముందలనే నీకు భద్రం."

"నీ నౌకరి కోసం అంటున్నవ్ ఉస్తాదూ."

"అవును, నా నౌకరి కోసమే! లేదంటున్ననా? నా నౌకరీ నిలబడ్తది, నీ మెడా నిలబడ్తది. రెండు పనులు ఒక్కటే మంటతోటి అయితుంటే తప్పేంది?"

"అయితే నువ్వే పోరాదు. నీకంటె మంచిగ ఎవరు కోస్తరు?"

"పోనిస్తే పోనా? గేటుకాడ పేరడుగుతరు చారి సాబ్. పేరు చెప్తే, పక్కకు నిలబడమంటరు. పది దినాల కింద పోయిన. పొద్దంత పక్కకు నిలబడి ఇంటికొచ్చిన. ఆ గేటు నీకు తెరుచుకుంటది, నాకు కాదు."

"నాతోని కాదు."

"ఎందుకు కాదు?"

"నేను కమ్మరోన్నని ఆడ అందరికి తెలుస్తది. పది ఊర్ల కమ్మరోళ్ల గుర్తులు నాకు ఎరుకే. గుమాస్త ఇంకో బరిసె తెచ్చి, ఈ గుర్తు ఎవరిది ముసలోడా అని అడిగితే? మూడు చుక్కలు చూపిచ్చి, ఇది ఎవరిది అని అడిగితే? ఏం జెప్పాలె?"

"ఎరుక లేదని చెప్పు."

"నా నోటికెళ్లి రాదు ఉస్తాదూ. ఆ చుక్కలు చూసినంక ఏ మాటా రాదు. ఈడ నీ ముందలనే వస్తలేదు."

"రోజు అలవాటు అలవాటని అబద్ధం చెప్పిన నోరే గద!"

"అదీ ఇదీ ఒక్కటేనా?"

"జెర ధైర్యం చెయ్యి."

"నాతోని కాదు."

"చారి సాబ్..."

"కాదంటున్న గద! పదిసార్లు అడిగితే పదిసార్లు కాదంట. నలభై బరిసెలు కోసేటందుకు నలభైసార్లు ఆ చుక్కల దిక్కు చూడాలె. నేను చూడలేను. నన్ను ఇడువు. కోపమొచ్చిందా?"

"రాలే. రావాలె గని, రాలే. కోపం సుత అలసిపోయినట్టుంది. తుపాకి ముందల నువ్వు బరిసెలు చేస్తివి, నేను లారీ అతికితి. నీ మీద ఒర్రనీకి నాకేం హక్కున్నది? అద్దాలు తియ్యి. ఆ పట్టీ ఆడ పెట్టు."

"మరి ఇన్‌స్పెక్టరు?"

"తొమ్మిది మందే అని చెప్త. బడి బంద్ చేస్తడు. చేసుకోనీ."

"నీ సంగతి?"

"బస్తాలున్నయ్ గద. రెండు పూటలు మోస్త. నజ్మున్నీసాకు ఇగ నిజం చెప్త, దీన్‌దార్ మొగడు కాదు, హమాలీ మొగడని. నువ్వు పో చారి సాబ్. ఇయ్యాల్నే పో. జీవరాజు ముందల సుత పడకు."

"ఉస్తాదూ..."

"భయపడకు. ఎవరికి చెప్పను. నా పిల్లల మీద ఒట్టు."

"నువ్వు చెప్తవని కాదు."

"ఇంకేంది? జీవరాజు గుర్తు చదువుతడు, చదవనీ. గుమాస్త గీసుకుంటడు, గీసుకోనీ. నువ్వు ఊరిడిసి ఆరు నెలలైంది. ఈ సికింద్రాబాదు లష్కర్‌ల ఇన్ని వేలమందిల నువ్వెవరో, నీ గుర్తేందో ఎవరికెరుక? ఆ కాయితం పట్టుకొని జవాన్లు మీ ఊరికి పోతరు. కమ్మరి ఇల్లేదని అడుగుతరు. ఇంటికి తాళం వేసుంటది. తాళాన్ని లోపలేస్తరా? తిరిగొస్తరు. గంతే కథ."

"తాళముండది."

"ఏంది?"

"ఆ ఇంటికి తాళముండది ఉస్తాదూ."

"తాళమేసి వచ్చినమని బాలమ్మ వదిన చెప్పింది గద. తాళంచెవి నడుముకు కట్టుకొని తిరుగుతుంటది, నేనే చూసిన."

"అది మా ఇంటి చెవి."

"నేను చెప్పేది సుత మీ ఇల్లే గద. మీ ఇంటికే పోతరు."

"పోరు."

"ఎందుకు పోరు? గుర్తు నీదైతే నీ ఇంటికి గాక ఇంకెవరింటికి పోతరు? చారి సాబ్, ఎవరింటికి పోతరు?"

"బాలమ్మకు ఒక్కడే తమ్ముడు. పర్వతాలు. ఊరికి అటు దిక్కు వాడు కమ్మరి, ఇటు దిక్కు నేను."

"అయితే?"

"రైతులకాడ మాకు పంచాయితయ్యింది. నాకాడ పని చేపిచ్చుకునే రైతుల ఇండ్లు వాడు గుంజుకున్నడని ఏడాది సంది మాటల్లేవు. రజాకార్లు నా కొలిమి ముందల కూసున్నప్పుడు... ఇవి ఎవరు చేసిన్రని రేపు అడిగేటోళ్లుంటరని నాకు అనిపిచ్చింది ఉస్తాదూ. నేను అంత భయంల సుత అది ఆలోచన చేసిన. చిన్న ఇనుప ముక్క తీసి, సాన పట్టి, కొత్త అచ్చు చేసిన. ఎంతసేపు? వాళ్లు ఒక్క బీడీ తాగినంత సేపు."

"యా అల్లా."

"అలవాటు కాదు. నా చేతి అలవాటు వేరే గుర్తు."

"మూడు చుక్కలు, ఒక గీత..."

"పర్వతాలుది. వాడు ఒక్క బరిసె చెయ్యలే. ఇయ్యాల్టికీ ఆ ఊళ్లెనే, తలుపు బార్ల తీసుకొని, కొలిమి ఊదుతున్నడు. వాని గుర్తు నా చేత్తోనే కాలిపోవాలె, మంట ముట్టియ్యి ఉస్తాదూ, అయిదు కొట్టకముందే నన్ను పాస్ చెయ్యి."